మంచం కింద నుంచి బయటకు రావడం లేదు (కొత్తగా దత్తత తెచ్చుకున్న కుక్క, సలహా కావాలి)

వానచినుకు
శనివారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. గురువారం సాయంత్రం షెల్టర్ నుంచి ఒక ఆడకుక్కను దత్తత తెచ్చుకున్నాం. నాలుగేళ్లు ఉండొచ్చన్నారు. ఒళ్లంతా నలుపు, ఛాతీ మీద మాత్రం తెల్లటి మచ్చ. అందుకే చుక్క అని పేరు పెట్టాం.

షెల్టర్‌లో కాస్త బెరుకుగా ఉన్నా మా చేతుల్ని వాసన చూసింది. ఇంటికి రాగానే మాత్రం నేరుగా మంచం కింద దూరింది. అప్పటి నుంచి అక్కడే ఉంది. మేం పడుకున్నాక రాత్రిపూట వచ్చి నీళ్లు తాగుతోంది, గిన్నెలోది కొంచెం తింటోంది. ఇవాళ తెల్లవారుజామున హాల్లోనే పాస్ పోసింది. పగలు పేరు పెట్టి పిలిస్తే గోడకు ఇంకా నక్కి కూర్చుంటోంది. నిన్న మావారు చేయి పెట్టి బయటకు లాగబోతే గుర్రుమంది. ఇంతవరకు ఒక్కసారి కూడా మొరగలేదు.

మాకు కుక్కను పెంచడం ఇదే మొదలు. పదేళ్ల బాబు ఉన్నాడు. రోజంతా మంచం పక్కన బోర్లా పడుకుని దాన్నే చూస్తూ, పిలుస్తూ ఉంటాడు. మేం ఏమైనా తప్పు చేస్తున్నామా? షెల్టర్ వాళ్లకు ఫోన్ చేయాలా? రెండు రాత్రుల నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.


పాతచెట్టు
ఆదివారం, ఉదయం 6:05

వానచినుకు గారూ, రాత్రి అందరూ పడుకున్నాక వచ్చి తాగి, తిని వెళ్తోందన్నారు చూడండి, అది చాలా మంచి కబురు. భయంతో పూర్తిగా బిగుసుకుపోయిన కుక్క ఆపాటి ధైర్యం కూడా చేయదు. చుక్క మీ ఇంటిని రాత్రిపూట తెలుసుకుంటోంది. ఏ మూల ఏ వాసన, ఏ తలుపు ఎటు పోతుంది, ఎవరు ఎక్కడ పడుకుంటారు, అన్నీ.

నేను ఇప్పటివరకు వయసొచ్చిన కుక్కల్ని ఐదింటిని దత్తత తెచ్చుకున్నాను. వాటిలో రెండు మొదటి వారమంతా మంచం కిందే గడిపాయి. దాని వైపు నుంచి ఆలోచించండి. ముందు ఏదో ఇల్లో, వీధో. తర్వాత షెల్టర్, చుట్టూ అరుపులు. ఆ తర్వాత ఒక వాహనం, ఇప్పుడు తెలియని మనుషులు. ఇది దాని శాశ్వత ఇల్లని మీకు తెలుసు, దానికి తెలియదు. దానికి తెలిసిందల్లా మంచం కింద మూడు వైపుల నుంచి ఎవరూ రాలేరని.

కాబట్టి ఆ చోటు దానిదే అనుకోండి. ఒక పాత దుప్పటి మెల్లగా లోపలికి తోసి వదిలేయండి. నీళ్ల గిన్నె మంచానికి రెండు మూడు అడుగుల దూరంలో పెట్టండి. ఇక అటు చూడకండి. చేయి లోపలికి అస్సలు పెట్టకండి.

బాబు సంగతి కొంచెం సున్నితంగా చెప్పాలి. వాడిది ప్రేమే. కానీ కుక్కల భాషలో కళ్లార్పకుండా ఎదురుగా చూడడమంటే బెదిరింపు. వాణ్ని మంచానికి వీపు పెట్టి కూర్చుని, ఏదైనా కథల పుస్తకం మామూలు గొంతుతో పైకి చదవమనండి. మధ్య మధ్యలో వెనక్కి చూడకుండానే ఒక చిన్న ట్రీట్ అటు విసరమనండి. తీసుకుందా లేదా అని తొంగి చూడొద్దు. పావుగంట చాలు, లేచి వెళ్లిపోవాలి. మీరు పక్కనే ఉండండి, ఇప్పుడే వాణ్ని దానితో ఒంటరిగా వదలకండి.

గుర్రుమన్నందుకు బాధపడకండి. అది ‘దగ్గరకు రావద్దు, నాకు భయంగా ఉంది’ అని మర్యాదగా చెప్పడమే. దాన్ని తిట్టి మాన్పిస్తే భయం పోదు, హెచ్చరిక ఒక్కటే పోతుంది. ఆ తర్వాత చెప్పకుండా కరిచే పరిస్థితి వస్తుంది. గుర్రుమంటే వెనక్కి తగ్గండి, ఆ మాట విన్నారని దానికి తెలుస్తుంది.


నీలిగిన్నె
ఆదివారం, ఉదయం 9:40

పాతచెట్టు గారు చెప్పిందంతా నిజం. షెల్టర్ల వాళ్లు 3-3-3 అని ఒక లెక్క చెబుతుంటారు. బెదురు తగ్గడానికి 3 రోజులు, ఇంటి పద్ధతి అర్థం కావడానికి 3 వారాలు, ఇది నా ఇల్లే అనిపించడానికి 3 నెలలు. అది ఉరామరిగ్గా చెప్పే లెక్కే, గడువు కాదు. మా వాడికి మూడు రోజుల దశే పదకొండు రోజులు పట్టింది.

హాల్లో పాస్ పోసిన చోటు మామూలు ఫ్లోర్ క్లీనర్‌తో తుడిచి వదిలేయకండి. మనకు వాసన పోతుంది, దానికి పోదు. ఎంజైమ్ ఉన్న క్లీనర్ పెంపుడు జంతువుల సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది. అమోనియా ఉన్నవి వద్దు, మూత్రంలోనూ అమోనియా వాసనే ఉంటుంది కాబట్టి మళ్లీ అక్కడికే వస్తుంది. తప్పు జరిగాక తిట్టడం, ముక్కు దానికి రుద్దడం ఎప్పుడూ చేయకండి. మనుషుల ముందు వెళ్లకూడదని నేర్చుకుంటుంది, సోఫా వెనక దాక్కుని వెళ్తుంది.


మేజర్‌నాన్న
ఆదివారం, మధ్యాహ్నం 1:15

నాది వేరే అభిప్రాయం, ఏమీ అనుకోవద్దు. ఇంత ముద్దు చేస్తే కుక్క నెత్తికెక్కుతుంది. మొదటి రోజే ఇంట్లో పెద్ద ఎవరో దానికి తెలియాలి. మెడ బెల్టు పట్టుకుని బయటకు తీసుకురండి, గుర్రుమంటే గట్టిగా కసరండి. తోడేళ్ల గుంపులో కూడా ఒక నాయకుడు ఉంటాడు, మిగతావి లొంగి ఉంటాయి. మా కుక్క మేజర్‌ను నేను అలాగే పెంచాను, పదేళ్లు బంగారంలా ఉన్నాడు.


ఈలపాట
ఆదివారం, మధ్యాహ్నం 3:50

మేజర్‌నాన్న గారూ, మీ మేజర్ మీద మీకున్న ప్రేమ మాటల్లోనే తెలుస్తోంది. నేను పన్నెండేళ్లుగా కుక్కలకు ట్రైనింగ్ ఇస్తున్నాను. మొదట్లో మాకు నేర్పిందీ మీరు చెప్పిన పద్ధతే. ఎందుకు మానుకున్నామో చెబుతాను.

నాయక తోడేలు అన్న మాటకు బలం వచ్చింది జంతువుల ప్రవర్తనను పరిశోధించిన రుడాల్ఫ్ షెంకెల్ 1947లో రాసిన పరిశీలన నుంచి. ఆయన చూసినవి బంధించి ఉంచిన తోడేళ్లు. ఇరుకు చోట పెట్టిన జంతువులు కొట్టుకోవడంలో వింత లేదు. తోడేళ్లను దశాబ్దాలపాటు అడవిలో గమనించిన డేవిడ్ మెక్ తన తొలి రచనల్లో ఆ మాటే వాడారు. 1999లో ఆయనే వేరేగా రాశారు. అడవిలో గుంపు అంటే చాలావరకు తల్లి, తండ్రి, వాటి పిల్లలు కలిసి ఉండే కుటుంబమని, అక్కడ నాయకత్వం కోసం కుస్తీ ఉండదని. పైగా కుక్క తోడేలూ కాదు, మనం కుక్కలమూ కాదు.

పైగా మేజర్ మీ దగ్గర పిల్లగా ఉన్నప్పటి నుంచి పెరిగినవాడు అనుకుంటున్నాను. కుక్కపిల్లకు దాదాపు 3 నుంచి 14 వారాల వయసు మధ్య ఏది చూస్తే అది లోకంలో మామూలే అనిపిస్తుంది. ఆ రోజుల్లో చుక్క ఏం చూసిందో మనకు తెలియదు. భయపడుతున్న దాన్ని లాగితే ఆ చేయి మీద, ఆ బెల్టు మీద, ఆ గది మీద కూడా భయం పడుతుంది.

వానచినుకు గారూ, మీకు ఒక్క పని చెబుతాను. గుర్తులు చూడడం నేర్చుకోండి. ఆకలి లేకుండానే మూతి నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, ముఖం పక్కకు తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు నెలవంకలా కనిపించడం, చెవులు వెనక్కి అతుక్కోవడం, ముందు కాలు ఒకటి పైకెత్తి ఆగిపోవడం. ఇవన్నీ గుర్రుమనడానికి ముందు వచ్చే చిన్న మాటలు. ఇక్కడే ఆగిపోతే గుర్రుమనే అవసరమే రాదు. తోక ఊపడాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. ఒళ్లంతా వదులుగా ఉండి నడుముతో సహా ఊగితే అది సంతోషం. ఒళ్లు బిగించి తోక ఒక్కటే ఆడిస్తుంటే దగ్గరకు వెళ్లకండి.

అది బయటకు వచ్చాక మీ దగ్గరకు వస్తే తల మీద చేయి పెట్టకండి. పక్కకు తిరిగి కూర్చుని, ఛాతీ దగ్గరో మెడ పక్కనో మూడు సెకన్లు మెల్లగా గోకి ఆపండి. ఇంకా దగ్గరకు జరిగితే మళ్లీ గోకండి. కదలకుండా ఉండిపోయినా, వెళ్లిపోయినా అంతటితో చాలు.


మేజర్‌నాన్న
ఆదివారం, రాత్రి 8:30

మేజర్‌ను ఆరు వారాల వయసులో తెచ్చుకున్నాను, మీరన్నది నిజమే. తోడేళ్ల సంగతి నాకు తెలియదు. ఆలోచిస్తాను.


తెల్లకోటు
సోమవారం, ఉదయం 7:20

పశువైద్యంలో ఉన్నాను. భయం సంగతి పైవాళ్లు బాగా చెప్పారు, నేను ఒంటి సంగతి చెబుతాను. కొత్త ఇంట్లో అన్నీ ‘భయం వల్లే’ అనుకుని జబ్బును వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను.

పెద్ద కుక్క మొదటి ఒకటి రెండు రోజులు సరిగా తినకపోయినా కంగారు అక్కర్లేదు. నీళ్లు కూడా తాగకపోతే, వాంతులు, నీళ్ల విరేచనాలు, రక్తం, దగ్గు, ముక్కు కారడం, లేవలేనంత నీరసం ఉంటే మాత్రం ఆగకండి. షెల్టర్‌లో అంటుకున్న జబ్బు ఇంటికొచ్చిన కొన్ని రోజులకు బయటపడొచ్చు. పార్వో (వాంతులు, విరేచనాలతో ప్రాణం మీదకు తెచ్చే వైరస్ జబ్బు) అయితే సాధారణంగా వైరస్ సోకిన 3 నుంచి 7 రోజుల్లో కనిపిస్తుంది. కుక్కకు మామూలు ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. చేతికి వెచ్చగా తగిలినంత మాత్రాన జ్వరం కాదు.

తిండి ఒక్కసారిగా మార్చకండి. షెల్టర్‌లో ఏది పెట్టేవారో అడిగి కొన్నాళ్లు అదే పెట్టండి. తర్వాత 7 నుంచి 10 రోజుల మీద కొత్తది పావు, సగం, ముప్పావు వంతుగా కలుపుతూ మార్చండి. లేకపోతే కడుపు పాడవుతుంది, అది హాల్లో తేలుతుంది, మీరు మళ్లీ భయమే అనుకుంటారు. ప్రేమతో ఏదో ఒకటి పెట్టాలనిపిస్తుంది కానీ చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ కలిపిన చక్కెర లేని చూయింగ్ గమ్‌లాంటివి కుక్కకు విషం.

ఎలాగైనా ఈ వారం రోజుల్లో డాక్టర్‌కు చూపించండి. ముందే ఫోన్ చేసి భయపడే కుక్క అని చెబితే రద్దీ లేని వేళ రమ్మంటారు, వంతు వచ్చేదాకా వాహనంలోనే ఉంచొచ్చు. టీకాల కాగితాలు తీసుకెళ్లండి. పళ్లు, చెవులు, కీళ్లు చూడమని అడగండి. ముట్టుకుంటే గుర్రుమనే కుక్కల్లో కొన్నింటికి నిజంగా అక్కడ నొప్పే ఉంటుంది. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే చిన్న చిప్) ఉంటే దానిలోని 15 అంకెల నంబర్ మీద నమోదైన వివరాలను మీ పేరు, మీ ఫోన్ నంబర్‌కు మార్పించుకోండి. ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ. చిప్ కుక్క ఎక్కడుందో చూపించే జీపీఎస్ కాదు, దొరికినవాళ్లు స్కానర్ పెట్టి చూస్తేనే నంబర్ తెలుస్తుంది.

బాబు ఉన్నాడు కాబట్టి చెబుతున్నాను. పన్ను గాటు పడినా, గోరు గీసుకున్నా ముందు 15 నిమిషాలు సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద కడిగి, అదే రోజు మనుషుల డాక్టర్‌కు చూపించండి. ‘మన కుక్కే కదా’ అనుకోవద్దు.


వానచినుకు
సోమవారం, రాత్రి 10:45

ఒక్కొక్కరికీ విడివిడిగా దండం పెట్టాలనుంది. నిన్న సాయంత్రం నుంచి మావాడు వీపు తిప్పుకుని చదువుతున్నాడు. ఇవాళ మూడో కథ మధ్యలో వెనక నుంచి చిన్న చప్పుడు వినిపించిందట. ట్రీట్ నమిలిన చప్పుడు. వాడు వెనక్కి చూడలేదు. కథ అయ్యేదాకా చదివి, లేచి వంటింట్లోకి వచ్చి, నా నడుము పట్టుకుని ఏడ్చాడు.

డాక్టర్ దగ్గరకు గురువారం వెళ్తున్నాం.


గొళ్లెం
మంగళవారం, ఉదయం 6:50

డాక్టర్ దగ్గరకు బయలుదేరేముందు దయచేసి ఇది చదవండి. ఎవరికీ నాలా జరగకూడదని రాస్తున్నాను.

రెండేళ్ల క్రితం తెచ్చుకున్న మా కుక్కకు మెడ బెల్టు ఒక్కటే వేసి నాలుగో రోజు బయటకు తీసుకెళ్లాను. పక్కన ఏదో ఇనుప సామాను దించారు. ఆ చప్పుడుకు అది వెనక్కి నడిచింది. ముందుకు లాగితే బెల్టు ఆగుతుంది, వెనక్కి గుంజుకుంటే తల మీదుగా జారిపోతుంది. నా చేతిలో ఖాళీ బెల్టు మిగిలింది. పేరు పెట్టి అరుస్తూ వెంటపడ్డాను. దానికి ఆ పేరు ఇంకా తన పేరని తెలియదు, వెనక ఎవరో తరుముతున్నారనే తెలుసు. తొమ్మిది రోజులు వెతికాం. దొరికింది, ఒక కాలు విరిగి.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పద్ధతి ఇది. ఒంటికి సరిగ్గా పట్టే హార్నెస్ (ఛాతీకి, వీపుకు చుట్టి వేసే పట్టీ), దానికి ఒక లీష్ (మనం పట్టుకునే తాడు). మెడ బెల్టుకు ఇంకొకటి. రెండూ నా చేతికి, అదీ ఇంట్లోనే, తలుపు తీయకముందే. వాహనం తలుపు తెరిచేముందు కూడా లీష్ చేతిలో ఉండాలి. ఇంటి తలుపు దగ్గర మరో అడ్డు ఒకటి పెట్టుకోండి, పిల్లలకు పెట్టే గేటైనా సరే. ఎవరైనా తలుపు తట్టితే ముందు కుక్క ఎక్కడుందో చూసి, తర్వాతే తీయండి. నెలలు గడిచినా పిలిస్తే వస్తుందని నమ్మకం కుదిరేదాకా కంచె లేని చోట వదలొద్దు. ఒకవేళ తప్పించుకుంటే తరమకండి. పక్కకు తిరిగి నేల మీద కూర్చోండి, తిండి మీ చుట్టూ వేయండి.


వానచినుకు
మంగళవారం, ఉదయం 7:30

గొళ్లెం గారూ, చదువుతుంటే చేతులు వణికాయి. మా దగ్గర ఉన్నది మెడ బెల్టు ఒక్కటే. ఇవాళే హార్నెస్ తెస్తాను. మీ కుక్క ఇప్పుడెలా ఉంది?


గొళ్లెం
మంగళవారం, ఉదయం 7:42

కుంటుతూనే పరుగెడుతుంది. బాగుంది.


రెండుతోకలు
బుధవారం, సాయంత్రం 5:10

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా ఇంట్లో ఇప్పటికే ఒక మగకుక్క ఉంది. వచ్చే వారం ఇంకోదాన్ని తెస్తున్నాం. గుమ్మంలోనే ఇద్దరినీ ముఖాముఖి కలిపేయొచ్చా?


ఈలపాట
బుధవారం, రాత్రి 9:00

వద్దండి. గుమ్మం మొదటిదాని ఇలాకా, పైగా ఇరుకు. ఇద్దరికీ సంబంధం లేని చోట, ఇద్దరు మనుషులు చెరొకదాన్ని పట్టుకుని, దూరం ఉంచి ఒకే దిక్కుకు నడవండి. లీష్‌లు బిగుతుగా గుంజొద్దు. ఒకటి నడిచిన చోట రెండోది వాసన చూడనివ్వండి. ఒళ్లు వదులయ్యే కొద్దీ దూరం తగ్గించండి. ఇంట్లో బొమ్మలు, ఎముకలు ముందే తీసేయండి. గిన్నెలు వేర్వేరు గదుల్లో. మొదటి వారాల్లో మీరు లేనప్పుడు ఇద్దరినీ విడిగా ఉంచండి. మీ పాత కుక్కకు ఇదివరకటి వేళలు, ఇదివరకటి చోటు అలాగే ఉండనివ్వండి, అది కూడా కంగారు పడుతుంది.


వానచినుకు
మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10:15

చాలా రోజులకు రాస్తున్నాను. డాక్టర్ చూసి ఒక చెవిలో ఇన్ఫెక్షన్ ఉందన్నారు. తల మీద చేయి పెట్టబోతే ఎందుకు అంతగా భయపడేదో అప్పుడు అర్థమైంది. తెల్లకోటు గారికి కృతజ్ఞతలు. మందు వేశాం, తగ్గింది.

ఇప్పుడు పగలు కూడా బయట తిరుగుతోంది. లేవగానే, తిన్న వెంటనే, ఆడాక బయటకు తీసుకెళ్తున్నాం, ఇంట్లో తడపడం దాదాపు ఆగింది. నడకలో ప్రతి చెట్టూ పది నిమిషాలు వాసన చూస్తుంది. తొందరపెట్టడం లేదు.

కొత్త సమస్య. ఇన్ని రోజులు నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. ఈ సోమవారం ఆఫీసుకు వెళ్లాను. నాలుగు గంటల తర్వాత మావారు వచ్చేసరికి తలుపు చెక్కంతా గోళ్లతో గీకేసింది, చొంగతో నేలంతా తడి. ఆయన్ని చూడగానే తల దించుకుని మూలకు పోయింది. తప్పు చేశానని దానికి తెలిసినట్టే ఉంది. ఏం చేయాలి?


పాతచెట్టు
ఆదివారం, రాత్రి 11:00

అమ్మా, అది తప్పు చేశానన్న ముఖం కాదు. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో ఇదే చూశారు. కుక్క తప్పు చేసిందా లేదా అన్నదాన్ని బట్టి కాదు, యజమాని కసిరారా లేదా అన్నదాన్ని బట్టే ఆ ముఖం ఎక్కువగా కనిపించింది. చుక్క మీవారి ముఖం చూసి భయపడింది, అంతే. చొంగ, తలుపు దగ్గరే గీరడం ఇవన్నీ బెంగ గుర్తులు. అల్లరికి చొంగ కారదు.

ఒక ఫోన్ పెట్టి వీడియో తీయండి. ఒంటరిగా ఉండలేని కుక్కల్లో గోల చాలాసార్లు మొదటి అరగంటలోనే మొదలవుతుంది. ఎన్నో నిమిషంలో మొదలైందో తెలిస్తే అంతకంటే తక్కువ సేపు దగ్గర నుంచి మొదలుపెట్టాలి. తాళాలు తీసుకుని మళ్లీ కూర్చోండి. తలుపు దాకా వెళ్లి వెనక్కి రండి. బయట పది సెకన్లు. అరనిమిషం. అది ప్రశాంతంగా ఉంటేనే పెంచండి. ఒకరోజు నాలుగు నిమిషాలు ఉండగలిగింది, మర్నాడు రెండే ఉండగలిగితే రెండు దగ్గరే ఆగండి. ఈ లోపల పూర్తిగా ఒంటరిగా వదలకుండా వంతులు వేసుకోండి, స్నేహితుల్ని అడగండి. కష్టమే, తెలుసు. కానీ రోజూ ఒకసారి హడలిపోతుంటే నేర్చుకున్నది నిలవదు. క్రేట్‌లో (కుక్కను ఉంచే బోనులాంటి పెట్టెలో) పెట్టి తలుపు మూయకండి, బెంగతో పళ్లు, గోళ్లు విరగ్గొట్టుకున్న కుక్కల్ని చూశాను. నెల గడిచినా మార్పు లేకపోతే డాక్టర్‌తో మాట్లాడండి. కొన్నింటికి మందుల సాయం కావాలి, అందులో చిన్నతనం ఏమీ లేదు.


మేజర్‌నాన్న
సోమవారం, ఉదయం 8:05

వానచినుకు గారూ, నేను రిటైరయ్యాను, పగలంతా ఖాళీనే. మనం ఒకే ఊళ్లో ఉంటే మీరు ఆఫీసుకు వెళ్లే వేళల్లో చుక్క దగ్గర కూర్చునేవాణ్ని. వీపు తిప్పుకునే కూర్చుంటాను. మేజర్ పోయి ఏడాదైంది. చిన్నప్పుడు వాణ్ని అన్ని కసుర్లు కసరకుండా ఉండాల్సిందని ఈ మధ్య అనిపిస్తోంది.


వానచినుకు
మూడో నెల, శుక్రవారం, రాత్రి 9:30

ఇప్పుడు గంటా నలభై నిమిషాలు ఒంటరిగా ఉండగలుగుతోంది. మిగతా వేళ పక్కింటి పెద్దావిడ చూసుకుంటున్నారు. మంచం కింద దుప్పటి అలాగే ఉంది, ఉరిమితే అక్కడికే వెళ్తుంది. లేకపోతే మావాడి చదువు బల్ల కింద, వాడి పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంటుంది.

నిన్న సాయంత్రం కాలింగ్ బెల్ మోగితే చుక్క మొరిగింది. ఒక్కసారే, బొంగురుగా. ఈ మూడు నెలల్లో దాని గొంతు వినడం మాకిదే మొదటిసారి. మావాడు పుస్తకం పక్కన పడేసి ‘అమ్మా, విన్నావా, విన్నావా’ అంటూ వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు. వాడి వెనకే అదీ వచ్చింది.